దూరాన్నీ కాలాన్నీ కలిపి కొలిచిన అల్ బిరూనీ

జగ్గయ్యపేటకూ నందిగామకూ మధ్య బస్సులో గంట లోపు ప్రయాణం. అయినా ఈ రెండు ఊళ్ళలో మిట్టమధ్యాహ్నం ఒకే క్షణాన రాదు. తూర్పున ఉన్న నందిగామలో సుమారు ముప్పాతిక నిమిషం ముందే వస్తుంది. మన చేతి గడియారాలు మాత్రం రెండుచోట్లా ఒకే టైము చూపిస్తాయి. దూరమూ కాలమూ ఇలా ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్న సంగతిని వెయ్యేళ్ళ కిందటే లెక్కకట్టి చూపిన మహనీయుడు అబూ రైహాన్ అల్ బిరూనీ. వారి జీవితాన్ని గూర్చి నాలుగు మాటలు పాఠకులకు విన్నవించుకుంటున్నాము.

ఆయన క్రీ.శ. 973లో ఖ్వారిజ్మ్ దేశపు కాత్ పట్టణంలో జన్మించారు. అది నేటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. గణితంలో దిట్ట అయిన అబూ నస్ర్ మన్సూర్ ఆయనకు గురువు. ఇరవై రెండేళ్ళ వయసులో దేశంలో యుద్ధం వచ్చి ఊరు విడిచి పారిపోవలసి వచ్చింది. అయినా చదువు మానలేదు.

997 మే 24న చంద్రగ్రహణం పట్టింది. కాత్‌లో అల్ బిరూనీ, బాగ్దాదులో అబుల్ వఫా అనే పండితుడు ముందుగా అనుకొని ఆ గ్రహణాన్ని గమనించారు. చంద్రుడికి గ్రహణం పట్టడం అందరికీ ఒకే క్షణాన కనబడుతుంది. కాని ఆ క్షణాన ఏ ఊరి టైము ఆ ఊరిదే. రెండు ఊళ్ళ టైముల తేడా ఇంచుమించు గంట అని తేలింది. గంటంటే పదిహేను డిగ్రీలు. వందల మైళ్ళ ఎడం ఉన్న ఊళ్ళ మధ్య తూర్పు పడమరల తేడా ఈ విధంగా కాలంతోనే కొలిచారన్నమాట.

1017లో గజనీ మహమూదు ఖ్వారిజ్మ్‌ను జయించి పండితులను తన రాజధానికి తరలించాడు. తన ఇష్టంతో చేసిన ప్రయాణం కాదది. మరుసటేడు కాబూలు దగ్గర ఒక పల్లెలో చేతిలో పనిముట్లు లేకపోతే, లెక్కలు వేసుకునే పలక వెనుక వైపు వృత్తఖండం గీసి, గుండుదారం వేలాడగట్టి సూర్యుని ఎత్తు కొలిచారు. సామగ్రి లేదని చేతులు ముడుచుకొని కూర్చోలేదు.

నేటి పాకిస్తాన్‌లోని నందనా కోట దగ్గర కొండ ఎత్తు కొలిచి, శిఖరం మీద నుంచి చూస్తే దిగంతం ఎంత కిందికి వాలినట్టు కనబడుతుందో చూశారు. డిగ్రీలో సగం పైచిలుకు! ఆ రెండు కొలతలతోనే భూమి వ్యాసార్ధం లెక్కగట్టారు. నేటి కొలతల్లో అది 6,340 కిలోమీటర్లని కొందరు పండితులు చెబుతారు. ఆనాటి మూర పొడవును బట్టి కొంత అటూ ఇటూ కావచ్చు. అసలు విలువ 6,371.

ఊళ్ళ స్థానాలు నిర్ణయించడం గురించి 1025లో ఆయన ముగించిన గ్రంథానికి ఒక ముఖ్యోద్దేశం, గజనీ నుంచి ఖిబ్లా ఏ దిక్కో తేల్చడం. సంస్కృతం నేర్చి పతంజలి యోగాన్ని అరబ్బీలోకి తెచ్చారు. భారతదేశాన్ని గూర్చి 1030 ప్రాంతంలో పెద్ద గ్రంథం రాశారు. భూమి తిరుగుతుందన్న ఆర్యభటుని పక్షాన్ని అందులో కొట్టిపారేయకుండా చర్చించారు.

1050 ప్రాంతాన గజనీలో పరమపదించారు. మరణశయ్య మీద కూడా, చూడవచ్చిన ఒక న్యాయశాస్త్రజ్ఞుణ్ణి వారసత్వ వాటాల చిక్కు ఒకటి అడిగి తెలుసుకున్నారని, ఆయన గుమ్మం దాటగానే ఇంట్లో ఏడుపులు వినబడ్డాయని చెబుతారు.

ఇదంతా పాతకథ అనుకోరాదు. రంజాన్ నెలలో హైదరాబాదు టైంటేబుల్ చూసుకొని జగ్గయ్యపేటలో సహరీ ముగిస్తే ఏమవుతుంది? మన ఊరు అక్కడికి తూర్పున ఒకటిన్నర డిగ్రీలకు పైగా ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, మనకు ఆరు నిమిషాల ముందే తెల్లవారుతుంది. అంటే సమయం దాటాక కూడా తింటున్నామన్నమాట! నందిగామకు ఈ తేడా మరి కాస్త ఎక్కువ. మక్కాకైతే మనకంటే రెండు గంటల నలభై నిమిషాలు వెనుక.

1901లో నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి పదిహేను అంగుళాల దూరదర్శిని కొని హైదరాబాదుకు తెప్పించారు. నిజామియా వేధశాల దానితోనే మొదలైంది. ఈ విద్య మన తెలుగునేలకు కొత్తది కాదని చెప్పడానికి ఈ మాట చాలు. మన మెట్ట ప్రాంతపు పిల్లలు, ఆడపిల్లలతో సహా, ఒక కర్ర పాతి దాని నీడ ఎప్పుడు అతిపొట్టిగా ఉంటుందో గుర్తుపెడితే తమ ఊరి మధ్యాహ్నం తామే కనుక్కోగలరు. ఒక్కసారి చేయించి చూడవలసిందిగా తల్లిదండ్రులను కోరుతున్నాము.