పొగను జయించిన రంఫర్డు ప్రభువు

మన ఊళ్లలో ఎండకు వెఱచువారే గాని చలికి వెఱచువారు తక్కువ. కావున ఇంటిని వెచ్చగా నుంచుకొనుట యెంతటి కార్యమో మనకు సులభముగా బోధపడదు. మంచు కురియు దేశములలో పొయ్యి చెడినచో ఇల్లు చెడినట్లే. ఇప్పు డచ్చటి యిండ్లలో గ్యాసుతోనో, చమురుతోనో, విద్యుచ్ఛక్తితోనో పనిచేయు సాధనము లున్నవి. వానిని ఏటేట శుభ్రపఱచుటకును, బాగుచేయుటకును, పాడైనచో మార్చుటకును ప్రత్యేకముగ పనివారు గలరు. రెండువందల యేండ్ల క్రిందట అవి యేవియు లేవు. గోడలో గూడువలె కట్టిన పొయ్యియే దిక్కు. అదియు వెచ్చదనముకంటె పొగనే యెక్కువగ నిచ్చుచుండెను. ఆ పొయ్యిని బాగుచేయుట పండితునకు తగని పని యని తలంపక, దానియెదుట మోకరించి పొగ త్రోవను పరీక్షించిన మహాశాస్త్రజ్ఞు డొకడు గలడు. అతని చరిత్రమును మన విద్యార్థులకు సంగ్రహముగ తెలుప నెంచితిమి.

ఇతని మొదటి పేరు బెంజమిన్ థాంప్సన్. 1753వ సంవత్సరము మార్చి 26వ తేదీన, అమెరికాలోని మాసచూసెట్సు సీమయందు వోబర్ను అను గ్రామమున ఒక రైతు కుటుంబములో జన్మించెను. పసితనముననే తండ్రి గతించెను. పదుమూడవ యేట సేలము పట్టణములో ఒక వర్తకుని యంగడియందు పనికి కుదిరెను గాని, మనస్సు బేరములపై నిలువలేదు. బాణసంచా చేయబోగా మందు ప్రేలి దేహము కాలెను. అయినను శాస్త్రములపై ప్రీతి తగ్గలేదు. ఒక మిత్రునితో కూడ మైళ్లకొలది నడచిపోయి, హార్వర్డు కళాశాలలో ప్రకృతిశాస్త్రోపన్యాసములు వినుచుండెను. పిదప రంఫర్డు అని పూర్వము పిలువబడిన కాంకర్డు పట్టణములో ఉపాధ్యాయుడై, 1772లో అచ్చటి ధనవంతురాలగు నొక వితంతువును వివాహమాడెను. వారికి సారా యను కుమార్తె కలిగెను.

ఇంతలో అమెరికా వలసలవారికిని ఆంగ్లప్రభుత్వమునకును వైరము ముదిరెను. థాంప్సన్ రాజపక్షమును వహించి, తన యిరుగుపొరుగువారి సమాచారమును ఆంగ్ల సేనానికి రహస్యముగ పంపెను. జనులు కోపించి ఇంటిపైకి రాగా భార్యను, పసికందును విడిచి పారిపోయెను. భార్యను తరువాత మరల చూడనేలేదు. గొప్పవారి దోషములను కప్పిపుచ్చి గుణములనే కీర్తించుట మాకు సమ్మతము గాదు. కావున దీనిని గూడ చెప్పితిమి.

లండనులో ఉద్యోగములు చేసి, 1784లో సర్ బిరుదమును పొంది, ఇతడు బవేరియా ప్రభువు కొలువునకు పోయెను. మ్యూనిక్ నగరమున భిక్షకులు వీధులను నింపియుండిరి. 1790వ సంవత్సరము జనవరి 1వ తేదీన వారినందఱిని ఒక్కదినమున పట్టించి, శిక్షింపక, పనియు కూలియు వేడియన్నమును దొరకు శాలకు చేర్చెను. వందలకొలది జనమునకు వండవలసివచ్చినప్పుడు వంటచెఱకు ఖర్చు అతనికి సమస్య యయ్యెను. బయలుమంటలో వేడిమి చాల భాగము వ్యర్థమగుచున్నదని కనిపెట్టి, నిప్పును ఇటుకలతో మూసి, గాలిని తలుపులతో అదుపుచేయు పొయ్యిలను కట్టించెను. బీదలకు పెట్టు గంజి కాగుటకై ఆరంభమైన యీ విచారమే తరువాత ధనికుల మందిరములలోని పొగను తఱిమెను. బవేరియా ప్రభువు మెచ్చి కౌంటు పదవి నొసగగా, ఇతడు తాను విడిచివచ్చిన ఆ చిన్న పట్టణపు పాతపేరునే బిరుదుగా గైకొని రంఫర్డు ప్రభు వయ్యెను.

1795లో ఇతడు మరల లండనునకు వచ్చెను. ఆ నగరమున పొయ్యిలు మిక్కిలి వెడల్పుగను లోతుగను ఉండెడివి. పొగగొట్టపు గొంతు ఒక మనుష్యుడు దూరునంత విశాలముగ నుండెను. గొట్టము పెద్దదైనకొలది పొగ బాగుగా పోవునని జనులు తలంచిరి. రంఫర్డు అది పొరపాటని చూపెను. గొంతు పెద్దదైనచో పొగతోబాటు గదిలోని గాలియు పైకి పోవును. దాని స్థానమున తలుపు సందులనుండి చలిగాలి జొరబడును. అందుచే మంట యెదుట కూర్చున్నవారికి ముఖము కాలుచు వీపు వణకును. పై కెక్కు గాలి చల్లబడి వేగము తప్పినపుడు పొగ వెనుకకు తిరిగి గదిని నింపును.

దీనికి అతడు చెప్పిన చికిత్స కష్టమైనది గాదు. ఇంటిని పడగొట్టనక్కఱలేదు, కొన్ని ఇటుకలును సున్నమును చాలును. వెనుకగోడను ముందునకు తెచ్చి, పొగగొట్టపు గొంతును నాలుగంగుళములకు తగ్గింపవలెను. వెనుకగోడ వెడల్పు ముందటి వెడల్పులో మూడవవంతుగ నుండవలెను. ప్రక్కగోడలను వెనుకగోడతో 135 డిగ్రీల కోణము చేయునట్లు ఏటవాలుగ కట్టవలెను. అప్పుడు మంటనుండి వెలువడు వేడికిరణములు ఆ గోడలపై బడి గదిలోనికి మరలును. పొగ మాత్రము ఇఱుకు త్రోవన వేగముగ పైకి పోవును.

ఇందొక చిక్కు గలదు. గొంతు నాలుగంగుళములైనచో మసి దులుపు బాలుడు లోనికెట్లు పోవును? మసి పేరుకొన్న గొట్టము అగ్నిప్రమాదమునకు మూలము గదా. రంఫర్డు దీనిని మఱువలేదు. వెనుకగోడ పైభాగమున కొంత సందు విడిచి, దానిని సున్నము పూయని రాతిపలకతో మూయించెను. దులుపువాడు వచ్చినపుడు పలకను తీసి, పని ముగిసినవెంటనే మరల పెట్టవచ్చును. కట్టుటతో పని తీఱదనియు, కట్టినదానిని కాపాడుటకు త్రోవ యుంచవలెననియు ఎఱిగినవాడే నిజమైన పనివాడు.

పామర్స్టన్ ప్రభువు భవనమునను, రాయల్ సొసైటీ అధ్యక్షుడగు సర్ జోసెఫ్ బ్యాంక్సు గృహమునను పొయ్యిలు ఈ రీతిగా మార్చబడెను. అయిదువందల పొగపొయ్యిల వఱకు తన చేతిమీదుగా బాగుపడెనని అతడే వ్రాసెను. 1796లో కొలతలతోను పటములతోను ఒక వ్యాసమును ప్రకటించి, ఏ తాపీవాడైనను చదివి కట్టుకొనునట్లు చేసెను. ఇంత లాభకరమగు పద్ధతికి పేటెంటు హక్కు తీసికొనలేదు. చలి అందఱిది గనుక దాని మందును అందఱిదిగ నుంచెను.

అతని శాస్త్రకీర్తి ఇంతటితో నిలువలేదు. మ్యూనిక్ ఆయుధశాలలో ఫిరంగిని తొలుచునపుడు పుట్టు వేడిమిని నీటిలో పరీక్షింపగా, నిప్పులేకయే ఆ నీరు రెండున్నర గంటలకు మరగెను. వేడిమి యొక ద్రవ్యము గాదనియు, చలనమే యనియు 1798లో ప్రకటించెను. 1799లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషన్ స్థాపనకు ముఖ్యకారకు డయ్యెను.

ఇట్లు ఊరివారి యిండ్లను వెచ్చజేసినవాని స్వగృహ మెట్లుండెను? కుమార్తె సారా ఇరువదియొకటవ యేట సముద్రము దాటివచ్చి 1796లో తండ్రిని కలిసికొనెను; పసితనమున విడిచిన బిడ్డను ఆతడు అప్పుడు పెరిగిన కన్యగా చూచెను. 1805లో పారిసునందు, సుప్రసిద్ధ రసాయనశాస్త్రజ్ఞుడగు లవాజియే భార్యయైన వితంతువును రంఫర్డు పెండ్లాడెను. ఆమెకు విందులు ప్రియము. ఇతనికి నిశ్శబ్దము ప్రియము. ఒకనాడు ఆమె పిలిచిన అతిథులు రాకుండ ఇతడు ద్వారమునకు తాళము వేయించెననియు, ఆమె కోపించి ఇతని పూలమొక్కలపై మరగు నీళ్లు పోసెననియు కుమార్తెకు వ్రాసిన లేఖలవలన తెలియుచున్నది. 1809లో వారు విడిపోయిరి. పిమ్మట ఇతడు పారిసు చెంతనున్న ఓతెయ్ గ్రామమున నివసించి, 1814వ సంవత్సరము ఆగస్టు 21వ తేదీన మృతినొందెను.

ఈ చరిత్రమునుండి మేము రెండు సంగతులు గ్రహించితిమి. పొగ, మసి, ఇటుక మొదలగునవి హీనవస్తువులు గావు. వానియందును శాస్త్రము గలదు. కన్నులు కుట్టుచుండ వంటయింట కట్టెలతో వండు తల్లి పొయ్యిని ఒక్కమాఱు పరీక్షించి చూచు బాలుడు రంఫర్డునకు శిష్యుడే. రెండవది, వేడిమిని ఇటుకలలో నిలుపు కొలతలు గ్రంథమున దొరకును. మనుష్యుల మధ్య దానిని నిలుపు నేర్పు దినదినము పాటించి సంపాదించుకొనవలసినది. మొదటిదానిలో రంఫర్డు మనకు గురువు. రెండవదానిలో అతని లోపమే మనకు పాఠము.