పక్షుల లెక్క వ్రాసిన సాలిం అలీ గారు

మా తుంగతుర్తి ప్రాంతములో వానలు పడినవంటే బావుల మీదికి వంగిన తుమ్మ కొమ్మలకు, ఈత మట్టలకు గిజిగాడి గూళ్లు వ్రేలాడేవి. మా చిన్నతనములో ఆదివారము ఆరాధన ముగిసి ఇండ్లకు మళ్లేటప్పుడు మా జేబులలో గులేరులు సిద్ధముగా ఉండేవి. గూడు పడగొట్టుట పాపమని పెద్దలు గదిమేవారు. గూటిలోని మట్టిముద్దకు మిణుగురులను అతికించి గిజిగాడు దీపము పెట్టుకొనునని చెప్పినదీ ఆ పెద్దలే. ఆ దీపము చూడవలెనని మేము ఎన్ని గూళ్లు కూల్చామో లెక్క లేదు. మట్టిముద్ద దొరికేది గాని దీపము ఎన్నడూ దొరకలేదు.

జాషువా కవిగారు ఆ పక్షిమీద పద్యములు చెప్పారు. దాని కాపురపు గుట్టు విప్పినవారు మరొకరు. వారే సాలిం అలీ గారు. మన సంచికలో ఈయన ఊసు ఎందుకని కొందరు అనుకొనవచ్చును. ఈయన మన మతస్థులు కారు. మతాచారముల పట్టింపు కూడ అంతగా ఉన్నవారు కారు. అయినను మన నేలమీది పక్షులను పేరుపేరున లెక్క వ్రాసిపెట్టిన మనిషిని మన పిల్లలు ఎరుగకుండుట మాకు బాధగా తోచినది.

ఆయన 1896 నవంబరు 12వ తేదీన బొంబాయిలో జన్మించారు. పసితనములోనే తల్లిదండ్రులు పోగా మేనమామ ఇంట పెరిగారు. పదేండ్ల ప్రాయములో గాలి తుపాకితో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతుమీద పసుపు మచ్చ ఉన్నది. ఇదేమి పిచ్చుక అని అడిగితే మేనమామకు తెలియలేదు. పిల్లవానిని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డు దొర విసుగుకొనక, సొరుగులు లాగి, దూది కూరి భద్రపరచిన పక్షులను ఒకటొకటిగా చూపించారు. మా గులేరు దెబ్బకు పడిన పిట్టలను చూచి, ఇది ఏ పిట్ట అని మేము ఒక్కనాడైన అడిగిన గుర్తు లేదు. ఆయనకూ మాకూ తేడా అక్కడనే ఉన్నది.

తరువాత బర్మాలో వ్యాపారము చేశారు, కలిసిరాలేదు. 1918లో తెహమీనా గారిని వివాహమాడారు. బొంబాయిలో లెక్కల పద్దుల చదువులో చేరినప్పుడు సెంట్ జేవియర్ కళాశాలలోని ఫాదర్ బ్లాటర్ అను జెస్యూటు గురువు, స్వయముగా వృక్షశాస్త్రజ్ఞుడు, ఈ యువకుని మనసు పద్దులమీద లేదని గ్రహించి జంతుశాస్త్రము చదువుమని ప్రోత్సహించారు. ఒక మనిషి మొగ్గు ఎటున్నదో కనిపెట్టి అటు నడిపించిన ఆ గురువును ఇక్కడ తలచుకొనుట మాకు సంతోషము.

అయినను విశ్వవిద్యాలయ పట్టా లేనందున కోరిన ఉద్యోగము రాలేదు. బొంబాయి మ్యూజియములో సందర్శకులకు వివరించి చెప్పే కొలువు దొరికినది. జర్మనీకి పోయి బెర్లినులో స్ట్రెస్‌మన్ పండితుని వద్ద పక్షిశాస్త్రము నేర్చి 1930లో తిరిగివచ్చేసరికి డబ్బు లేదని ఆ కొలువు కాస్తా ఎత్తివేశారు. దంపతులు సముద్రపు ఒడ్డున కిహీం అను పల్లె చేరుకొన్నారు. చేతిలో పని లేదు. ఇంటి దగ్గరనే గిజిగాళ్ల గూళ్లున్నవి. నెలల తరబడి వాటినే చూస్తూ కూర్చున్నారు.

అక్కడ తేలిన సంగతి ఇది. గూడు అల్లేది మగపక్షి. సగము అల్లి ఆపి, రెక్కలాడించి ఆడపక్షులను పిలుస్తుంది. ఆడపక్షులు వచ్చి గూడు పరీక్షించి, నచ్చితే కాపురమునకు దిగుతాయి. అప్పుడు గాని మగది క్రిందికి వ్రేలాడే గొట్టపు ద్వారము పూర్తిచేయదు. ఒక ఆడపక్షి గ్రుడ్లమీద కూర్చున్నదో లేదో మగది ప్రక్కనే ఇంకొక గూడు మొదలుపెట్టి ఇంకొకదానిని పిలుస్తుంది. ఏ ఆడపక్షికీ నచ్చనివి సగము గూళ్లుగానే ఉండిపోతాయి. మేము చిన్నప్పుడు ఉయ్యాలలని పిలిచిన ఆ టోపీవంటి గూళ్లు ఇవే. ఇది పెండ్లి ప్రసంగములలో చెప్పదగిన కథ కాదు గాని, సత్యము సత్యమే.

ఇక మన రాజ్యమునకు ఆయన రాక. దేశములో పక్షుల లెక్క తీయని సంస్థానములు ఇంకను ఉన్నవని గమనించి, ప్రయాణపు ఖర్చులిస్తే చాలు, జీతము వద్దని ఆయన ముందుకు వచ్చారు. ఉద్యోగము లేని మనిషి జీతము వద్దనుట చూడండి! ఆ విధముగా 1931-32లో నిజాము రాజ్యపు పక్షుల సర్వే జరిగినది. మన నల్లగొండ జిల్లా నాడు ఆ రాజ్యములోనిదే. నల్లమలలోని అమ్రాబాదు, ఫరహాబాదు అడవులలో ఆయన గుడారములు వేశారు. తెహమీనా గారు కూడ ఆ గుడారములలోనే కాపురము చేశారు. ఆ రోజులలో నమూనా కొరకు పక్షిని కాల్చి, చర్మము తీసి, చీటీ కట్టవలసినదే. పక్షి ప్రేమికుడు పక్షిని చంపుట ఏమని మాకు కూడ మనసు చివుక్కుమంటుంది. కాని ఆ చీటీలు లేకుంటే నాడు ఇక్కడ ఏ పిట్ట ఉన్నదో నేడు చెప్పే ఆధారము ఉండేది కాదు.

ఆ నివేదికను సొసైటీ పత్రిక 1933, 34 సంవత్సరములలో భాగములుగా ప్రచురించినది. విజ్లర్ అను ఇంగ్లీషు పండితుడు దానికి వివరణలు చేర్చారు. అంతకు ముందు ఈ దొర వ్రాసిన ఒక వ్యాసములో, తోక చివర రెండు కుంచెలు వ్రేలాడే ఏట్రింతను గురించిన పొరపాటును సాలిం అలీ ఎత్తిచూపగా, పేరూ ఊరూ తెలియనివాని దిద్దుబాటు ఏమిటని ఆయన చిరాకుపడ్డారు. తరువాత తన నమూనాలను మరల పరీక్షించుకొని తప్పు ఒప్పుకొన్నారు. నాటినుండి వారిద్దరూ మిత్రులు.

1939లో చిన్న శస్త్రచికిత్స తరువాత తెహమీనా గారు కన్నుమూశారు. ఆయన మరల పెండ్లి చేసుకొనలేదు. 1941లో ఆయన వ్రాసిన భారతదేశపు పక్షుల గ్రంథము వెలువడినది. అమెరికా పండితుడు రిప్లీతో కలిసి వ్రాసిన పది సంపుటములు 1968 మొదలు 1974 వరకు వచ్చినవి. 1976లో పద్మవిభూషణ్ లభించినది. 1985లో వచ్చిన ఆత్మకథకు పిచ్చుక పతనము అను అర్థమిచ్చే పేరు పెట్టారు. ఆ మాట షేక్స్పియరు నాటకములోనిది. మత్తయి సువార్త పదవ అధ్యాయము చదివినవారికి దాని మూలము వేరే చెప్పనక్కరలేదు.

ఆయన జీవించియుండగానే, 1986 జనవరిలో, మన తెలుగు నేలపై ఒక వింత జరిగినది. 1900 తరువాత ఎవరికీ కనిపించక, అంతరించినదని లెక్కకట్టిన కలివికోడి కడప జిల్లాలో మరల దొరికినది. సొసైటీవారి పరిశోధకుడు భరత్ భూషణ్ దానిని లోకమునకు తెలిపారు. ఆ పక్షిని పట్టి ఇచ్చినవాడు మాత్రము అక్కడి అడవులెరిగిన ఒక పల్లె వేటగాడు. సాలిం అలీ గారు 1987 జూన్ 20న తొంబది యేండ్ల వయసులో మరణించారు.

ఆయన సర్వే చేసిన నాటికి మన ప్రాంతములో సాగరు కాలువ లేదు. 1967లో నీరు వదిలిన తరువాత మిర్యాలగూడ, కోదాడ వైపు మెట్ట చేలు వరి మడులైనవి, కొంగలు పెరిగినవి. మా తుంగతుర్తి వైపు శ్రీరాంసాగరు నీరు చాల ఆలస్యముగా వచ్చినది. ఈలోగా మోట బావులు పూడినవి, గట్ల మీది చెట్లు అనేకము కొట్టివేయబడినవి. కొమ్మ లేక గిజిగాడు కరెంటు తీగలకు గూడు కట్టుట మేము చూచాము.

పోయిన వానాకాలములో సండేస్కూలు పిల్లలను వెంటబెట్టుకొని, మిగిలిన ఒక బావి దగ్గరకు పోయాము. గాలికి రాలిన సగము గూటిని ఒక పాప తెచ్చి చూపినది. లోపల ఎండిన మట్టిముద్ద ఉన్నది. ఇది ఎందుకని అడిగినది. తేలికగా ఉన్న గూడు గాలికి ఊగిపోకుండ బరువు కొరకని కొందరు పండితులు అంటారని చెప్పాము. దీపము కథ కూడ చెప్పాము. ఆ పాప గూటిని తిరిగి కొమ్మకు కట్టమని పట్టుబట్టగా, మేము చెప్పుల వారు విప్పి కట్టి వచ్చాము.