కురిడీ టెక్నాలజీ: గున్‌పే యోకోయి కథ

మా బాబాయి కువైట్ నుంచి తెచ్చిన గేమ్ బాయ్ కలర్ ఈ వేసవిలో రాజోలు ఇంట్లో అటక మీద దొరికింది. ట్రంకు పెట్టెలో పాత పాస్‌పోర్టు జిరాక్సుల కింద ఉంది. దాంతో పాటు ఒకే ఒక్క క్యాసెట్ (అసలు పేరు క్యాట్రిడ్జ్, కానీ మనందరికీ క్యాసెట్టే కదా). గేమ్ పేరు మెట్రాయిడ్ 2. ఆ గేమ్‌లో సేవ్ చేసుకోవడానికి మూడు స్లాట్లు ఉంటాయి. మొదటి దాంట్లో బాబాయి ఆట దాదాపు చివరిదాకా వచ్చి ఆగిందట, అది పూర్తవకుండానే సెలవు అయిపోయి ఫ్లైట్ ఎక్కేశాడని పిన్ని చెప్పింది. సరే, గేమ్‌నీ సేవ్‌నీ కంప్యూటర్లోకి దించి బ్యాకప్ చేద్దామని కూర్చున్నాను. కూర్చున్నవాణ్ణి ఆ డబ్బా తయారుచేసిన మనిషి గురించి చదువుతూ మూడు రాత్రులు గడిపేశాను.

ఆయన పేరు గున్‌పే యోకోయి. 1941 సెప్టెంబర్ 10న జపాన్‌లోని క్యోటోలో పుట్టారు. దోషిషా యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ చదివారు. 1965లో నింటెండోలో చేరారు. అప్పటికి నింటెండో అంటే పేకముక్కల కంపెనీ. హనాఫుదా అనే పూల బొమ్మల పేకలు అచ్చువేసే మెషీన్లకి మెయింటెనెన్స్ చూడటం ఆయన ఉద్యోగం. మన సీనియర్లలో ప్లేస్‌మెంట్ బాగా రాలేదని దిగులుపడేవాళ్ళు ఈ లైన్ ఇంకోసారి చదవండి.

మెషీన్లు బాగానే నడుస్తుంటే ఖాళీ దొరికేది. ఆ ఖాళీలో, చెక్కపట్టీలని కత్తెర వేసినట్టు ఒకదానికొకటి తగిలించి, ముందుకి సాగి దూరంగా ఉన్న వస్తువుని పట్టుకునే ఓ చెయ్యి చేసుకున్నారు. కంపెనీ ప్రెసిడెంట్ హిరోషి యమౌచీ అది చూశారు. యోకోయి తిట్లు తప్పవనుకుంటే, యమౌచీ దాన్ని బొమ్మగా మార్చి అమ్మమన్నారు. 1966లో అల్ట్రా హ్యాండ్ అనే పేరుతో వచ్చి పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. 1969లో లవ్ టెస్టర్. అబ్బాయి, అమ్మాయి చెయ్యి చెయ్యి పట్టుకుని చెరో ఎలక్ట్రోడ్ పట్టుకుంటే ముల్లు కదిలి ప్రేమ ఎంతుందో చెబుతుంది. లోపల ఉన్నదల్లా మనం ఫస్టియర్ ల్యాబ్‌లో చూసే గాల్వనోమీటర్ లాంటిదే, చర్మం గుండా పోయే కొద్దిపాటి కరెంటుని చూపిస్తుంది, అంతే.

ఆయన పద్ధతంతా ఇందులోనే ఉంది. దానికి ఆయన పెట్టుకున్న జపనీస్ పేరులో ఎండిపోయిన టెక్నాలజీ అనే అర్థం వస్తుంది. అంటే పాతబడి, చవకై, లోటుపాట్లన్నీ అందరికీ తెలిసిపోయిన టెక్నాలజీని తీసుకుని, ఎవరూ అనుకోని పనికి వాడటం. బయటివాళ్ళకి ఇది వివరించాలేమో గానీ కోనసీమ వాళ్ళకి అక్కర్లేదు. అటక మీద నెలల తరబడి పడి ఉండి, నీళ్ళు ఇంకిపోయి, ఊపితే లోపల గడగడలాడే కురిడీ కాయకి అంబాజీపేటలో పచ్చికాయ కన్నా ఎక్కువ ధరే పలుకుతుంది. ఎండటం అంటే పాడవటం కాదని మనకి తెలుసు.

బుల్లెట్ ట్రైన్‌లో ఓ ఉద్యోగి విసుగుపుట్టి క్యాలిక్యులేటర్ బటన్లు నొక్కుకుంటూ కూర్చోవడం చూసి ఆయనకి చేతిలో పట్టే గేమ్ ఆలోచన వచ్చింది. క్యాలిక్యులేటర్ చిప్పులు, ఎల్‌సీడీలు అప్పటికే చవకైపోయాయి. 1980లో గేమ్ అండ్ వాచ్ వచ్చింది. 1982లో దాని డాంకీ కాంగ్ మోడల్‌కి బొటనవేలితో నాలుగు దిక్కులా నొక్కే ప్లస్ గుర్తు బటన్ పెట్టారు. ఇప్పుడు మీ చేతిలో ఏ కంట్రోలర్ ఉన్నా ఎడమవైపు చూడండి, అది అక్కడే ఉంటుంది.

బ్యాకప్ చేసేవాళ్ళకి గేమ్ అండ్ వాచ్ పెద్ద తలనొప్పి. విప్పి చదువుకోవడానికి అందులో క్యాసెట్ ఉండదు. చిప్ మీది పొరని కరిగించి లోపలి ప్రోగ్రాం చదవాలి. బొమ్మలన్నీ ఎల్‌సీడీ అద్దం మీదే ముందుగా గీసి ఉంటాయి కాబట్టి ఆ అద్దాన్ని కూడా స్కాన్ చేసి గీసుకోవాలి. ఓపికగలవాళ్ళు ఒక్కో మోడల్‌నీ అలాగే ఎమ్యులేటర్లోకి ఎక్కించారు.

గేమ్ బాయ్ వచ్చేసరికి పని తేలిక. 1989లో విడుదలైంది. ఎనిమిది బిట్ల షార్ప్ ప్రాసెసర్, 8 కేబీ ర్యామ్, 160 బై 144 తెర, రంగుల్లేవు, నాలుగు ఛాయలు. అదే ఏడాది అటారీ లింక్స్, తర్వాతి ఏడాది సెగా గేమ్ గేర్ రంగుల తెరలతో వచ్చి ఆరు బ్యాటరీలని కొన్ని గంటల్లో తాగేశాయి. గేమ్ బాయ్ నాలుగు పెన్సిల్ సెల్స్‌తో పది గంటలు దాటి నడిచింది. కలర్‌తో కలిపి దాదాపు 11 కోట్ల 87 లక్షలు అమ్ముడయ్యాయి. ప్రాసెసర్ అంత మామూలుది కాబట్టే ఈరోజు ఎమ్యులేటర్ రాయడం నేర్చుకునేవాళ్ళు చాలామంది దీంతోనే మొదలుపెడతారు. ఎండిన టెక్నాలజీ వల్ల కలిసొచ్చిన ఈ లాభం గురించి ఆయన అప్పట్లో అనుకుని ఉండరు.

నా సంగతికొస్తే, ఆర్డుయినో మెగాకి వైర్లు కలిపి క్యాసెట్ రీడర్ చేశాను. అడ్రస్ పంపాలి, ఎనిమిది డేటా లైన్ల మీద బైట్ చదవాలి. మెట్రాయిడ్ 2 మొత్తం 256 కేబీ, 16 కేబీ చొప్పున 16 బ్యాంకులు. మొదటిసారి చెక్‌సమ్ కలవలేదు. మా వైపు గాలిలో ఉప్పు ఎక్కువ, కాంటాక్టులు పచ్చబడిపోయాయి. (నోటితో ఊదకండి, తడి తగిలి ఇంకా పాడవుతాయి.) రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే రెండోసారి కలిసింది. ఇది దొంగతనం కాదా అని రూమ్మేట్ అడిగాడు. మన కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ప్రకారం, న్యాయంగా మన దగ్గరున్న ప్రోగ్రాం పాడైపోకుండా బ్యాకప్ తీసుకోవచ్చు. పంచిపెట్టడం వేరే సంగతి. కొనుక్కుందామన్నా చాలావరకు దొరకవు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది.

తర్వాత సేవ్ చదివాను. సేవ్ ఉండేది వేరే ర్యామ్‌లో, దాన్ని బతికించేది ఓ చిన్న కాయిన్ సెల్. సెల్ ఎప్పుడో అయిపోయింది. వచ్చినవన్నీ అర్థంలేని బైట్లు. బాబాయి ఆట పోయింది. నాలుగేళ్ళ క్రితం ఇదే పెట్టె దించి, చూసి, మళ్ళీ అటక ఎక్కించింది నేనే. అప్పుడే చదివి ఉంటే దొరికేదేమో.

ఈ మెట్రాయిడ్ 2కి కూడా ప్రొడ్యూసర్ యోకోయే. అన్ని గెలుపుల తర్వాత ఆయనకి పెద్ద దెబ్బ 1995లో వర్చువల్ బాయ్. కళ్ళకి ఆనించుకుని చూసే డబ్బా, ఎర్ర ఎల్ఈడీలు, ఊగే అద్దాలు. జపాన్, అమెరికా కలిపి 22 గేములే వచ్చాయి, ఏడాది తిరక్కుండా జపాన్‌లో ఆగిపోయింది. ఆ 22 గేముల బ్యాకప్పులూ ఉన్నాయి, ఎమ్యులేటర్లో నడుస్తాయి కూడా. కానీ చీకట్లో ఆ ఎర్ర గీతల లోతుని లాప్‌టాప్ తెర చూపించలేదు. ఫైల్ మిగిలింది, అనుభవం సగమే మిగిలింది. నా ఉద్దేశంలో ఆయన ఓడింది తన పద్ధతి వదిలినందుకు కాదు. ఎర్ర ఎల్ఈడీలు చవకవే, పాతవే. కాకపోతే వాటిని పెట్టిన పని మనిషి మెడకీ కళ్ళకీ పడలేదు.

1996 ఆగస్టులో నింటెండో నుంచి బయటకొచ్చి కోటో అనే సొంత కంపెనీ పెట్టుకున్నారు. (మా ఇంట్లో 1996 అంటే నవంబర్ తుఫానే, కొబ్బరిచెట్లన్నీ పడిపోయిన ఏడాది. ఆ తర్వాతే బాబాయి కువైట్ మాట ఎత్తాడట.) బందాయ్ కోసం వండర్‌స్వాన్ అనే కొత్త చేతి కన్సోల్ పని మొదలుపెట్టారు. 1997 అక్టోబర్ 4న ఇషికావా ప్రాంతంలో హైవే మీద కారు ప్రమాదం జరిగితే, చూడ్డానికి కిందికి దిగారు. వెనక నుంచి వచ్చిన ఇంకో కారు గుద్దింది. 56 ఏళ్ళు. వండర్‌స్వాన్ 1999లో వచ్చింది, ఒక్క పెన్సిల్ సెల్‌తో నడిచేది. దాంతో వచ్చిన పజిల్ గేమ్‌కి ఆయన పేరే పెట్టారు.

బాబాయికి ఫోన్ చేసి సేవ్ పోయిందని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వి, ఆ చివరి పోరులో ఎలాగూ ఓడిపోతూనే ఉన్నానని ఒప్పుకున్నాడు. క్యాసెట్‌కి కొత్త సెల్ సోల్డర్ చేశాను. నేను రెండో స్లాట్లో ఆడుతున్నాను, వారానికోసారి సేవ్ కాపీ తీసి పెట్టుకుంటున్నాను. మొదటి స్లాట్ ముట్టుకోలేదు. సంక్రాంతికి బాబాయి వస్తున్నాడు.