చదువుల లోగిలి: హెన్రీ మారిస్ చరిత్ర

సాయంకాలపు గంట మ్రోగినంతనే పాఠశాల తలుపులు మూయుట లోకాచారము. పగలు పిల్లలు చదివిన భవనముననే రాత్రివేళ వారి తలిదండ్రులును చదువుకొనవలెనని సంకల్పించి, ఆ సంకల్పమునకు ఇటుకతోను గాజుతోను రూపము కల్పించిన విద్యాధికారి హెన్రీ మారిస్.

మారిస్ 1889వ సంవత్సరమున ఇంగ్లండు వాయవ్య తీరమునందలి సౌత్‌పోర్టు పట్టణమున జన్మించెను. తండ్రి నీటిగొట్టములు అమర్చు పనివాడు. మారిస్ పదునాలుగవ యేటనే బడి విడిచి స్థానిక వార్తాపత్రిక కార్యాలయమున కొలువు చేరెను. అయినను చదువుపై మమకారము వీడలేదు. లాంపీటరునందును ఆక్స్‌ఫర్డునందును విద్య నభ్యసించి, మొదటి ప్రపంచ సంగ్రామమున సైన్యములో పనిచేసి, పిమ్మట కేంబ్రిడ్జిలో తత్త్వశాస్త్రము చదివెను. 1922లో కేంబ్రిడ్జిషైర్ మండలమునకు ముఖ్య విద్యాధికారి యయ్యెను.

విశ్వవిద్యాలయము వలన కేంబ్రిడ్జి పేరు ఖండాంతరములకు ప్రాకినను, దాని చుట్టునున్న పల్లెలు పేదవి. యుద్ధానంతరము పంటల ధరలు పడిపోయెను. యువకులు పట్టణములకు తరలిపోవుచుండిరి. ఐదేండ్ల పసివారు మొదలు పదునాలుగేండ్ల బాలురవరకు ఒకే చిన్న బడిలో చదువుచుండిరి. పాఠశాల, గ్రంథాలయము, సభామందిరము, ఆరోగ్య కేంద్రము వేరువేరుగా కట్టుకొను శక్తి ఒక్కొక్క పల్లెకు లేదు. కావున కొన్ని పల్లెలు కలిసి అన్నిటికిని ఒకే కట్టడమును నిర్మించుకొనవలెనని మారిస్ 1924లో ఒక ప్రణాళికను రచించెను. ఆ కట్టడమునకు ఆయన పెట్టిన పేరు గ్రామ కళాశాల.

ఆటంకములు తక్కువ కావు. మండల ఖజానాలో ధనము లేదు. పల్లెబడులలో పెక్కు క్రైస్తవ చర్చి యాజమాన్యమున నుండెను. పెద్ద పిల్లలను వేరొక చోటికి పంపుటకు ఆ యజమానులు జంకిరి. మతబోధన విషయమై అందరికిని సమ్మతమైన పాఠ్యక్రమము 1924లో సిద్ధమగుటతో కొంత దారి యేర్పడెను. మారిస్ దాతల నాశ్రయించెను. అమెరికాకు పోయి అచ్చటి ధర్మనిధినుండియు సహాయము సంపాదించెను. 1930లో సాస్టన్ గ్రామమున మొదటి కళాశాల వెలసెను. 1937లో బాటిషామ్, లింటన్ గ్రామములందు మరి రెండు తోడయ్యెను.

ఉమ్మడి భవనమున ఒక చిక్కు కలదు. పగలు పొలముపని చేసి వచ్చిన రైతును పసిపిల్లల బల్లమీద కూర్చుండబెట్టినచో అతడు మరునాడు రాడు. పెద్దల సందడి పిల్లల చదువునకు అడ్డు కారాదు. అందుచే మారిస్ కొన్నిటిని కలిపి, కొన్నిటిని వేరుచేసెను. సభామందిరము ఇరువురిది, వయోజనులకు మాత్రము ప్రత్యేక విభాగమును, వారి పరిమాణమునకు తగిన ఆసనములును ఏర్పడెను. ఇంటిలో చావడి అందరిదియు, గదులు ఎవరివి వారివియు అయినట్లు.

ఈ యోచన పరిపూర్ణతనందినది ఇంపింగ్టన్ గ్రామమున. జర్మనీ విడిచి వచ్చిన ప్రసిద్ధ వాస్తుశిల్పి వాల్టర్ గ్రోపియస్, తరువాతి కాలమున చండీగఢ్ నిర్మాణమున పాల్గొన్న మాక్స్‌వెల్ ఫ్రై దీనికి రూపకల్పన చేసిరి. శిల్పుల పారితోషికము మండలమునకు భారము కాగా, మారిస్ చందాలు సేకరింపజేసెను. విసనకఱ్ఱ ఆకారపు సభామందిరము, పచ్చికబయలు వైపునకు తెరచుకొను తరగతి గదులు, వంపు తిరిగిన వయోజన విభాగము, వీనినన్నిటిని కలుపు విశాలమైన నడవ ఇందలి విశేషములు. పిల్లవాడును తండ్రియు ఆ నడవలోనే నడచి తమ తమ చోట్లకు పోవుదురు. యుద్ధము ఆరంభమైన 1939లోనే ఈ కళాశాల తెరువబడెను.

ఆయన కోరినవన్నియు నెరవేరలేదు. ఇంపింగ్టన్‌లో హెన్రీ మూర్ చేత తలిదండ్రులు, బిడ్డ గల శిల్పమును చేయించవలెనని తలంచెను. ధనము కుదరలేదు. ఆ భావన యుద్ధానంతరము స్టీవెనేజ్ పట్టణమునందలి వేరొక పాఠశాలలో రూపొందెను.

మారిస్ 1954లో పదవి విరమించి, 1961లో కన్నుమూసెను. ఆయన కాలమున వెలసిన నాలుగు మొదటి కళాశాలలలోను నేటికిని పిల్లలు చదువుచున్నారు. పేదపల్లెకు చిన్న బడి చాలునని ఆయన సరిపెట్టుకొనలేదు. పేదది గనుకనే దానికి అందరును పంచుకొనదగిన గొప్ప భవనము కావలెనని వాదించెను. గంట మ్రోగిన పిమ్మట బడికి తాళము వేయు ప్రతి ఉపాధ్యాయుడును ఒక్క నిమిషము తలపోయదగిన వాదమిది.