మట్టి పొరలను చదివిన మార్టిమర్ వీలర్

బావి తవ్వేటప్పుడు మీరు గమనించే ఉంటారు. పైన నల్లమట్టి, దాని కింద ఎర్రమట్టి, ఇంకా కింద మొరం కనిపిస్తాయి. ఎవరూ కదిలించకుండా ఉంటే, కింది పొర ముందు ఏర్పడినది, పై పొర తరువాత ఏర్పడినది. ఈ సామాన్య సూత్రాన్ని కచ్చితంగా పాటించి, దక్షిణ భారత చరిత్రకు కాలనిర్ణయం చేయడానికి దారి చూపిన పురావస్తు శాస్త్రవేత్త సర్ మార్టిమర్ వీలర్.

వీలర్ 1890 సెప్టెంబరు 10న స్కాట్లాండులోని గ్లాస్గోలో జన్మించారు. లండన్‌లో ఉన్నత విద్య పూర్తిచేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళంలో పనిచేశారు. యుద్ధానికి ముందు ఆయనతో కలిసి ఒక రోమన్ పట్టణంలో తవ్వకాలు నేర్చుకున్న విద్యార్థులలో మరెవరూ యుద్ధం నుండి తిరిగి రాలేదు. ఒక తరం చేయవలసిన పని తనపై పడిందని ఆయన భావించారు.

1921, 1922లలో వేల్స్ వాయవ్య తీరంలోని సెగాంటియం అనే రోమన్ కోటలో ఆయన తవ్వకాలు జరిపారు. రోమన్ సామ్రాజ్యపు అంచున, సముద్రపు పాయకు ఎదురుగా ఉన్న ఈ కోట వైశాల్యం ఐదారు ఎకరాలు మాత్రమే. సుమారు క్రీ.శ. 77లో దీనిని నిర్మించారు. నాలుగో శతాబ్దం చివరి వరకు ఇక్కడ సైన్యం ఉంది. నేడు మిగిలినవి పునాదులు, మోకాలెత్తు గోడలే. కాని పొరలలో దొరికిన నాణేలు, కుండపెంకుల వల్ల కోట చరిత్రలోని దశలు తెలిశాయి. ఆయన భార్య టెస్సా ఈ పనిలో సమాన భాగస్వామి. ఆమె 1936లో మరణించారు.

1944లో వీలర్ భారత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్‌గా వచ్చారు. అప్పట్లో ఇక్కడ వస్తువులను పొరనుబట్టి కాక, దొరికిన లోతునుబట్టి నమోదు చేసేవారు. నేల ఏటవాలుగా ఉంటే ఒకే లోతులో వేర్వేరు కాలాల వస్తువులు ఉండవచ్చు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి ఆయన తక్షశిలలో యువకులకు శిక్షణ ఇచ్చారు.

అదే ఏడాది మద్రాసు మ్యూజియంలో ఒక జాడీ ముక్క ఆయన కంటబడింది. మధ్యధరా ప్రాంతంలో ద్రాక్షసారా, నూనె రవాణాకు వాడిన రెండు పిడుల జాడీ అది. రోమన్ స్థలాలలో అలాంటివి ఎన్నో చూసినందువల్ల వెంటనే గుర్తుపట్టారు. అది పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో దొరికింది. 1945లో అక్కడ తవ్వించగా ఇటలీ ఎర్ర పాత్రలు బయటపడ్డాయి. అవి క్రీ.శ. మొదటి శతాబ్దం తొలి దశాబ్దాలవని ముందే తెలుసు. కనుక వాటితో ఒకే పొరలో ఉన్న స్థానిక పాత్రల కాలమూ తెలిసింది. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో అలాంటి పాత్రలే దొరికాయి. ఆ పొరకు వీలర్ ఆంధ్ర సంస్కృతి అని పేరు పెట్టారు. దాని కింద ఉన్న రాతిసమాధుల సంస్కృతి అంతకన్నా పాతదని తేలింది. అమరావతిలో కూడా ఆ రకం పాత్రలు లభించాయి.

వీలర్ నిర్ణయాలన్నీ నిలవలేదు. మొహెంజొదారో అస్థిపంజరాలనుబట్టి, ఆర్యుల దాడిలో ఆ నగరం నాశనమైందని ఆయన ఊహించారు. అవన్నీ ఒకే పొరకు, ఒకే సమయానికి చెందినవి కావని 1964లో జార్జ్ డేల్స్ చూపారు. ఆయన సూత్రమే ఆయన ఊహను తప్పని తేల్చింది. అలాగే 1989-92 తవ్వకాలలో, రోమన్ సరుకు రాకముందే అరికమేడులో జనం నివసించారని తెలిసింది.

వీలర్ 1948లో పదవి విడిచారు. 1976 జూలై 22న ఇంగ్లండులో మరణించారు. ఆయన శిక్షణ పొందిన భారతీయులు ఆ పద్ధతిని ముందుకు తీసుకువెళ్లారు.

ఆలోచించండి: మీ ఊరి దిబ్బమీద పాత నాణెం దొరికితే, దానిని తీసేముందు ఏ వివరాలు రాసిపెట్టుకోవాలి? ఎందుకు?