చేతిపనికి పెద్దపీట వేసిన జాకిర్ హుస్సేన్

భారత రాష్ట్రపతి పదవిని అలంకరించిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ 1897 ఫిబ్రవరి 8న మన హైదరాబాదు నగరంలోనే జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. కుటుంబం ఉత్తరాదిలోని స్వస్థలమైన కాయంగంజ్ చేరింది. ఇటావా, అలీగఢ్‌లలో చదివి, బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రాన ఉన్నత పట్టం పొందారు. 1926 నుండి 1948 వరకు జామియా మిలియా ఇస్లామియాకు సారథ్యం వహించారు.

మ్యూనిక్ పాఠశాలలలో కొయ్యపని, లోహపుపని శాలలు నెలకొల్పిన కెర్షెన్‌స్టైనర్ భావాలు ఆయనను ఆకర్షించాయి. 1937లో గాంధీజీ వార్ధాలో జరిపిన విద్యాసభ నియమించిన సంఘానికి అధ్యక్షులై, 7 నుండి 14 ఏండ్ల బాలబాలికలకు మాతృభాషలో, చేతివృత్తి కేంద్రంగా విద్య గరపాలని సూచించారు. నూలువడకుతోపాటు వడ్రంగమూ ఆ వృత్తులలో ఒకటి.

అయితే పిల్లలు చేసిన వస్తువుల అమ్మకమే లక్ష్యమైతే విద్య వెనుకబడుతుందని ఆ నివేదిక హెచ్చరించింది. చేసే ప్రతి పనీ విద్య కాదని, ముందు ఆలోచన, వెనుక ఆత్మవిమర్శ ఉన్న పనియే విద్య అని ఆయన విశ్వాసం. ఒక చిన్న పీట చేయబూనిన విద్యార్థి కొలవాలి, గీయాలి, కోయాలి, చిత్రిక పట్టాలి. చివరకు మూలమట్టం ఉంచితే అతని పొరపాటును కొయ్యయే చూపుతుంది. అక్కడ బుకాయింపు చెల్లదు.

1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూసిన ఆ మహనీయుని జామియా ఆవరణలోనే ఖననం చేశారు. కిషన్‌బాగ్ విద్యార్థులమైన మనం వడ్రంగి దుకాణం ముందు క్షణకాలం నిలిచి, ఆ పనిలోని చదువును గుర్తించగలిగితే, అదే ఆయనకు మన నివాళి.