కెమెరాను రేసు కారెక్కించిన స్టీవ్ మెక్వీన్

టీవీలో కారు రేసు వస్తుంటే పిల్లలు రెప్ప వేయరు. డ్రైవరు సీట్లో మనమే కూర్చున్నట్టు రోడ్డు మీదికి దూసుకొస్తుంది. ఈ దృశ్యం కోసం టీవీవాళ్ల కంటే ముందే పట్టుబట్టి, అందుకు చాలా పోగొట్టుకున్నవారు హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్వీన్.

ఆయన 1930 మార్చి 24న అమెరికాలోని ఇండియానాలో పుట్టారు. పసితనంలోనే తండ్రి వదిలి వెళ్లిపోయాడు. మిస్సోరీలో బంధువుల పొలం దగ్గర పెరిగారు. దారి తప్పుతున్నాడని కాలిఫోర్నియాలోని బాయ్స్ రిపబ్లిక్ అనే సంస్థలో చేర్చారు. పెద్ద పేరు వచ్చాక కూడా అక్కడి పిల్లల్ని చూసి వచ్చేవారు. మెరీన్ సైన్యంలో మూడేళ్లు పనిచేసి, తర్వాత నటన నేర్చుకున్నారు. 1963లో 'ద గ్రేట్ ఎస్కేప్', 1968లో 'బుల్లిట్' ఆయన్ని అగ్రస్థానంలో నిలిపాయి. 'బుల్లిట్'లో శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో కార్లు తరుముకునే ఘట్టానికి కెమెరాను కారు లోపలే పెట్టారు.

ఆయనకు రేసులు సరదా కాదు, ప్రాణం. 1970 మార్చిలో సెబ్రింగ్ 12 గంటల రేసులో, విరిగిన ఎడమ పాదానికి కట్టుతోనే పీటర్ రెవ్సన్‌తో కలిసి పోర్షే 908 నడిపి రెండో స్థానం తెచ్చుకున్నారు. అదే ఏడాది జూన్‌లో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల రేసులో దిగాలనుకుంటే బీమా సంస్థ ఒప్పుకోలేదు. తాను దిగలేకపోయినా కారును దింపారు. అదే 908కు కెమెరాలు బిగించి, హెర్బర్ట్ లింగె, జొనాథన్ విలియమ్స్ చేత అసలు రేసులోనే నడిపించారు. ఫిల్మ్ రీలు అయిపోయినప్పుడల్లా కారు ఆగాల్సిందే. అందువల్ల చివరిదాకా నడిచినా, కావలసిన దూరం పూర్తికాక దానికి స్థానం దక్కలేదు.

'లె మాన్' సినిమా 1971లో వచ్చింది. షూటింగ్ ప్రమాదంలో డ్రైవరు డేవిడ్ పైపర్ ఒక కాలిని మోకాలి కింద కోల్పోయారు. దర్శకుడు జాన్ స్టర్జెస్ మధ్యలోనే వెళ్లిపోయారు. చిత్రంపై మెక్వీన్ పెత్తనం పోయింది. వసూళ్లు రాలేదు. మరుసటి ఏడాది భార్యతో విడాకులూ అయ్యాయి. అయినా రేసు దృశ్యాల విషయంలో ఆ సినిమాను ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

రీలు మార్చే బాధను తీర్చింది టీవీయే. 1979 సెప్టెంబరులో ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్ రేసులో, పీటర్ విలియమ్సన్ నడిపిన టొయోటా సెలికాలో ఛానల్ సెవెన్ ఇంజినీర్లు చిన్న కెమెరా పెట్టారు. బొమ్మ రేడియో తరంగాలుగా పైనున్న హెలికాప్టర్‌కు, అక్కడి నుంచి నేలకు చేరి, అప్పటికప్పుడే ఇళ్లలో కనిపించింది.

మరుసటి ఏడాది, 1980 నవంబరు 7న, క్యాన్సర్ శస్త్రచికిత్స తర్వాత గుండె ఆగి మెక్వీన్ మెక్సికోలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 50 ఏళ్లే. టీవీకి ఆ పద్ధతి నేర్పింది ఆయనే అనలేం. కానీ ఇంట్లో కూర్చున్నవాడికి డ్రైవరు చూపు అందాలని, తన కారు స్థానం పోయినా సరేననుకున్నవారు ఆయన. రేసు చూసే మన పిల్లలకు ఆ పేరు కూడా తెలియాలి.